దూలం, దంతె, పలక

పెరట్లో షెడ్డు పెట్టి నాలుగేళ్లు కాలేదు, నేల కుంగింది. గుమ్మం దాటి లోపలికి రెండో అడుగు వేస్తాం కదా, గడ్డి కోసే యంత్రం రోజూ ఆగే చోటు కూడా సరిగ్గా అదే. ఒక శనివారం పొద్దున నా కుడికాలు అక్కడ మడమ దాకా దిగబడింది. దెబ్బేమీ తగల్లేదు. పిల్లలు మాత్రం నెల రోజులు ఆ కథే చెప్పుకుని నవ్వారు.

ఆ షెడ్డు నేను కట్టింది కాదు. డాలస్‌కు ఉత్తరాన ఈ ఇంట్లో దిగిన కొత్తలో కొన్నాం. పెట్టెల్లో ముక్కలుగా వచ్చింది, ఇద్దరు మనుషులు ఒక పూటలో బిగించి వెళ్లిపోయారు. చదునైన నేల ఉంటే చాలని వెంట వచ్చిన కాగితంలో ఉంది. మా నేల చదునుగానే ఉంది మరి.

పలకలు ఊడదీసి చూశాకే సంగతి అర్థమైంది. పైభాగం శుభ్రంగా ఉంది, గోటితో గీసినా గీత పడలేదు. తిప్పి చూస్తే అడుగు మొత్తం తడిసిన అటుకుల్లా పొరలు పొరలుగా విడిపోతోంది. పేళ్లు జిగురుతో అదిమి చేసే చౌకరకం పలక అది. దాని కింది అడ్డకర్రలు సగం దాకా మట్టిలో కూరుకున్నాయి. ఒకదాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది.

బరువు ఎక్కువైందనే నేనూ అనుకున్నాను. లెక్క వేస్తే అలా తేలలేదు. ఇక్కడి ఇళ్లలో మామూలు గది నేలను చదరపు అడుగుకు 40 పౌండ్లు మోసేలా కడతారు. పది అడుగులకు పన్నెండడుగుల షెడ్డుకు అదే లెక్క కడితే 4,800 పౌండ్లు, అంటే రెండు టన్నులకు పైన. మా యంత్రం, నాలుగు ఎరువు బస్తాలు, పాత సైకిళ్లు, క్రిస్మస్ దీపాల పెట్టెలు, దసరా బొమ్మల పెట్టెలు అన్నీ కలిపినా అందులో మూడో వంతుకు రావు. నేలను తినేసింది నీళ్లు.

చెక్క కుళ్లడమంటే దానిలో బూజు జాతి పెరగడం. ఆ బూజుకు గాలి, వెచ్చదనం, తిండి, తడి కావాలి. మొదటి మూడూ మన చేతిలో లేవు, తిండేమో చెక్కే. తడి ఒక్కటే మన చేతిలో ఉంది. చెక్కలో తేమ 20 శాతానికి లోపే ఉంటే బూజు లేవదు. ఆరిన చెక్క ఎన్నాళ్లయినా పడి ఉంటుంది. తడిసినా త్వరగా ఆరిపోతే ఫరవాలేదు. తడిసి ఆరకపోవడమే రోగం. షెడ్డు నేల విషయంలో ఇక చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూ తిరిగేదే.

పాత నేల ఇక పనికిరాదు, కొత్తది వేయాలి. విషయం మా నాయనకు వీడియోలో చూపించాను. ఆయన పలకను చూడలేదు, కర్రలనూ చూడలేదు. ‘కింద గాలి ఆడతాందా లేదా, అది సూడు రా ముందు’ అన్నాడు.

మాది నంద్యాల వైపు. మా తాత కట్టిన మట్టిమిద్దెలో పడుకుని పైకి చూస్తే లెక్క సాఫీగా కనిపించేది. గోడ నుంచి గోడకు లావుపాటి దూలాలు. వాటి మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా దంతెలు. దంతెల మీద కట్టెలు, ఆపైన చవుడు మన్ను. మనం ఇప్పుడు వేయబోయే నేల ఆ మిద్దెకు తమ్ముడే. అది నెత్తి మీద ఉండేది, ఇది కాళ్ల కింద ఉంటుంది. అడుగున దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, పైన పలకలు. అమెరికా వడ్రంగులు దూలాన్ని స్కిడ్ అంటారు, దంతెను జాయిస్ట్ అంటారు. నాకు తాత మాటలే బాగున్నాయి, అవే వాడతాను.

అయితే వాటన్నిటికంటే ముందు మట్టి సంగతి చూడాలి.

ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడాది కరివేపాకు మొక్క కోసం గుంత తవ్వితే, పారకు అంటుకున్న మట్టి విదిలిస్తే రాలలేదు. నల్లగా, జిడ్డుగా, అచ్చం మా ఊరి రేగడి. పోలిక నా భ్రమ కాదు. రెడ్ రివర్ నుంచి డాలస్, వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే ఈ నల్లమట్టి పట్టీని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మృత్తిక శాస్త్రం దీన్నీ దక్కను నల్లరేగడినీ వర్టిసాల్స్ అనే ఒకే కుటుంబంలో చేర్చింది. ‘హ్యూస్టన్ బ్లాక్’ అనే నల్లమట్టి టెక్సస్‌కు రాష్ట్ర మృత్తిక కూడా. రెండు చోట్లా గుణం ఒకటే. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో ఇక్కడి వాళ్లు ఇంటి పునాది చుట్టూ రబ్బరు గొట్టాలు పరిచి నేలకు నీళ్లు పెడతారు. మొక్కలకేమో అనుకున్నాను మొదట్లో, పునాది పగలకుండానట.

ఇలాంటి మట్టి మీద పల్చటి కాంక్రీటు పోస్తే అది నేలతో పాటు లేవలేక, దిగలేక పగులుతుంది. చెక్క నేలకు ఇక్కడే ఒక సుగుణం ఉంది. మొత్తం చట్రం ఒక తెప్పలా మట్టి మీద తేలుతుంది. ఒక మూల దిగితే జాకీతో లేపి కింద ముక్క పెట్టుకోవచ్చు. మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో నేల మూడు నాలుగు అడుగుల లోతు దాకా గడ్డకట్టి పైకి లేస్తుంది. అక్కడ కూడా చిన్న షెడ్లకు లోతు పునాదులు తవ్వకుండా ఈ తేలే పద్ధతే వాడతారు.

తెప్పకు అడుగున కంకర పరుపు కావాలి. నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం, షెడ్డు కొలతకు నాలుగు వైపులా అడుగు ఎక్కువ. మా పది పన్నెండుకు పరుపు పన్నెండు పద్నాలుగు అయింది. ఐదంగుళాల మందానికి రెండున్నర ఘనపు గజాల పైచిలుకు, మూడున్నర టన్నుల మాట. లారీవాడు వాకిట్లో కుమ్మరించిపోయాడు. అక్కడి నుంచి పెరట్లోకి ఒంటిచక్రం బండితో తోలడంలోనే నా నడుము పోయింది. ఆ పని ఒక్కరే పెట్టుకోకండి.

కంకర ముక్కాలంగుళం సైజుది, రాయిని పగలగొట్టిన రకం, మూలలు పదునుగా ఉండేది అడగాలి. అందంగా ఉంటాయని నున్నటి గులకరాళ్లు తెచ్చుకుంటే మూకుట్లో గోళీల్లా జారుతూనే ఉంటాయి, ఎంత కొట్టినా బిగుసుకోవు. మూలలున్న రాయి ఒకదాని సందులో ఒకటి కరుచుకుంటుంది. రెండేసి అంగుళాలు పోసి దిమ్మిస కొట్టి, మళ్లీ పోసి మళ్లీ కొట్టాలి. కంకరకూ మట్టికీ మధ్య రోడ్ల కింద పరిచే నేతబట్ట ఒకటి పరచాలి. బట్ట లేకపోతే రెండు వానాకాలాలకు రేగడి కంకరను మింగేస్తుంది.

నల్లమట్టిలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. గుంత తవ్వి, నిండా కంకర పోసి, నేలకు సమంగా చదును చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ బంకమట్టిలో తవ్విన గుంత నీళ్ల తొట్టే. వాన నీళ్లన్నీ వచ్చి అందులో నిలుస్తాయి, షెడ్డు చెరువు మీద కూర్చున్నట్టు. గడ్డి వేర్లు పోయేంత మాత్రం గీకి, చుట్టూ కర్రల చట్రం పెట్టి, కంకరను నేల మీదే ఎత్తుగా పోయడం మేలు. లేదా పల్లం వైపుకు నీళ్లు పోయే దారైనా వదలాలి. పార పట్టే ముందు 811కి ఫోను చేస్తే గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో వచ్చి ఉచితంగా గీతలు గీసిపోతారు. అనుమతుల సంగతి ఊరికో రకం. చాలా చోట్ల 120 లేదా 200 చదరపు అడుగుల లోపు షెడ్డుకు పర్మిట్ అడగరు, కాలనీ సంఘం మాత్రం తప్పకుండా అడుగుతుంది.

ఇక కర్ర. మట్టికీ కంకరకూ తగిలే దూలాలకు మందు పట్టించిన కర్రే వాడాలి. ఈ మందు కథలో మనవాడొకడున్నాడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి కర్రకు పట్టించే మందు కనిపెట్టాడు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ వానకు కొట్టుకుపోకుండా కర్రలో కట్టిపడేస్తుంది. ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తులు కలిపి దానికి ‘ఆస్క్యూ’ అని పేరు పెట్టారు. కరెంటు స్తంభాల నుంచి పెరటి మెట్ల దాకా ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఆ మందు మీదే నిలబడింది. పిల్లలు ఆడుకునే చోట ఆర్సెనిక్ ఏమిటన్న ఆందోళన పెరిగి, అమెరికాలో ఇళ్ల వాడకానికి 2003 చివరితో దాన్ని ఆపేశారు. ఇప్పుడొచ్చే మందుల్లో ఆర్సెనిక్ లేదు, రాగి పాలు పెరిగింది.

మందు పట్టించడమంటే పైన పూయడం కాదు. కర్రలను పెద్ద ఉక్కు గొట్టంలో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఒత్తిడితో మందును లోపలికి తోస్తారు. అయినా నడిమి గుండె దాకా అన్నిసార్లూ చేరదు. అందుకే రంపంతో కోసిన ప్రతి కొసకూ రాగి మందు కుంచెతో పూయాలి. ఈ పని ఎవరికీ కనిపించదు, ఎవరూ చేయరు. మా పాత షెడ్డులో కుళ్లు మొదలైంది సరిగ్గా కోసిన కొసల దగ్గరే.

కొనేటప్పుడు కర్ర చివర కొట్టిన చిన్న ప్లాస్టిక్ చీటీ చదవండి. నేలకు తగలొచ్చు అని, అంటే ‘గ్రౌండ్ కాంటాక్ట్’ అని ఉండాలి. నేలకు పైన వాడేవి మందు తక్కువ పట్టినవి, చూడ్డానికి రెండూ ఒకే ఆకుపచ్చ. రాగి ఎక్కువ కాబట్టి మామూలు ఇనప మేకును కొన్నేళ్లలో తినేస్తుంది. కరిగిన జింకులో ముంచి తీసిన మేకులు గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడాలి. గోడ బోర్డులకు వాడే నల్లటి స్క్రూలు ఇంట్లో మిగిలి ఉంటాయి, చెయ్యి వాటి మీదికే పోతుంది. అవి పెళుసు, పక్క నుంచి బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. మిగిలిన ముక్కల్ని చలిమంటలో, బార్బెక్యూలో వేయకండి.

దూలాలు మూడు వేశాను. నాలుగంగుళాల చదరం అనే పేరుతో అమ్మేవి, కొలిస్తే మూడున్నరే ఉంటాయి. ఇక్కడి కర్ర కొలతల్లో ఇదో తమాషా. ఆరు అంటారు, ఐదున్నర ఇస్తారు. రెండు అంటారు, ఒకటిన్నర ఇస్తారు. పూర్వం పచ్చికర్రగా కోసినప్పటి కొలత పేరుగా మిగిలింది, చిత్రిక పట్టి ఆరాక మిగిలేది మనకొస్తుంది. లెక్కలన్నీ అసలు కొలతతోనే వేసుకోవాలి. మూడు దూలాలూ పన్నెండడుగుల పొడవు వైపు, అటూ ఇటూ గోడలకు దగ్గరగా చెరొకటి, నడిమధ్య ఒకటి. పొడవాటి తిన్నని కర్ర ఒకటి మూడింటి మీదా అడ్డం పెట్టి, దాని మీద రసమట్టం పెట్టి బుడగ నడిమికి వచ్చేదాకా కంకర తీస్తూ పోస్తూ సరిచేయాలి. నాకు ఒక పూటంతా పట్టింది. మట్టం తప్పితే తలుపు దానంతటదే తెరుచుకునే షెడ్డు తయారవుతుంది, మా పాతది అలాంటిదే.

దంతెల దగ్గర అందరూ పొదుపు చేస్తారు. రెండు నాలుగు కర్ర సరిపోదా, రెండు ఆరు ఎందుకని. స్కూలు స్కేలు ఒకటి తీసుకుని రెండు పుస్తకాల మధ్య పడుకోబెట్టి నొక్కండి, వంగుతుంది. అంచు మీద నిలబెట్టి నొక్కండి, కదలదు. స్కేలు అదే, మారింది ఎత్తు. వంగకుండా నిలిచే శక్తి ఎత్తుకు ఘనంగా పెరుగుతుంది. మూడున్నర నుంచి ఐదున్నరకు పోతే కర్ర ఒకటిన్నర రెట్లే పెరిగింది, బిగువు దాదాపు నాలుగు రెట్లు. ఇంత లాభం ఇంకే బేరంలోనూ రాదు. షెడ్డులో భయపెట్టేది పరిచి ఉన్న బరువు కాదు, నాలుగు చక్రాల కింద నాలుగు చోట్ల గుచ్చే బరువు. అందుకే దంతెలు పదహారు అంగుళాలకొకటి వేయాలి, ఎక్కి కూర్చుని తోలే పెద్ద యంత్రం ఉంటే పన్నెండుకొకటి.

పన్నెండడుగులు అంటే 144 అంగుళాలు. పదహారేసి చొప్పున తొమ్మిది గళ్లు, పది దంతెలు. చట్రం రెండు పొడుగు అంచులకూ కలిపి మూడంగుళాలు పోతాయి కాబట్టి ఒక్కో దంతె 9 అడుగుల 9 అంగుళాలకు కోయాలి. గుర్తులు పెట్టేటప్పుడు మొదటి గీత పదహారు దగ్గర కాదు, పదిహేనుంబావు దగ్గర పడాలి. పైన పడే పలక చట్రం బయటి అంచు నుంచి మొదలై ఒక దంతె నడివీపు మీద ముగియాలి కదా. దంతె మందం ఒకటిన్నర, అందులో సగం ముప్పావు. పదహారులో ముప్పావు తీస్తే పదిహేనుంబావు. అక్కడ గీత గీసి, దంతెను గీతకు అవతలి పక్కన నిలబెట్టాలి. అక్కడి నుంచి మిగతావన్నీ పదహారేసి. ఈ ముప్పావు అంగుళం మరిచిపోయినవాడికి పలకల అంచులు గాలిలో వేలాడతాయి.

ప్రతి దంతెకూ కాస్త వంపు ఉంటుంది. అంచు వెంట ఒక కన్ను మూసి చూస్తే విల్లులా తెలుస్తుంది. ఆ మూపురం పైకి ఉండేలా పెట్టాలి, బరువు పడ్డాక సమం అవుతుంది. మందు కర్ర దుకాణం నుంచి తడిగా వస్తుంది. ఎండలో పడేసి వారం తర్వాత చూస్తే పాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి, తెచ్చిన రోజో మర్నాడో బిగించేయడం మంచిది. అంచుకర్ర బయటి నుంచి ఒక్కో దంతెకు మూడున్నర అంగుళాల మేకులు మూడేసి కొట్టాను. గుమ్మం ఎదురుగా రెండు దంతెల మధ్య అడ్డముక్కలు అదనంగా వేశాను. కాలు దిగబడిన చోటు కదా.

మేకులు పూర్తిగా బిగించే ముందు మూలలు సరిచూడాలి. తాపీమేస్త్రీలు మూలమట్టానికి మూడు, నాలుగు, ఐదు కొలతలు వాడినట్టే ఇక్కడ మూల నుంచి మూలకు టేపు పట్టాలి. పది పన్నెండుకు కర్ణం 15 అడుగుల ఏడున్నర అంగుళాలకు ఒక వెంట్రుక తక్కువ. అంకె కంటే ముఖ్యం, రెండు కర్ణాలూ ఒకటే రావాలి. నాకు మొదట అరంగుళం తేడా వచ్చింది. పొడుగ్గా ఉన్న మూల మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే సరిపోయింది.

పలకల దగ్గర నా లెక్క తప్పింది. 120 చదరపు అడుగులు, ఒక్కో పలక నాలుగు ఎనిమిది, అంటే 32. నాలుగు పలకలు చాలు, ఇంకా మిగులుతుంది. కాగితం మీద అమరిక కూడా గీశాను. పలక పొడవు దంతెలకు అడ్డంగా పడాలి, ప్లైవుడ్ బలం అటే. మొదటి వరసలో ఒక నిండు పలక, ఒక సగం. రెండో వరసలో ముందు సగం, తర్వాత నిండుది, అతుకులు ఒకే గీత మీద పడకుండా. మూడో వరసకు రెండడుగుల వెడల్పే మిగులుతుంది కాబట్టి నాలుగో పలకను నిలువునా చీల్చి సరిపెట్టాలి.

నేను తెచ్చింది ఒక అంచుకు గాడి, రెండో అంచుకు నాలుక ఉన్న ముప్పావు అంగుళం పలక. నాలుక గాడిలో దూరి రెండు పలకలూ కలిసి వంగుతాయి, మధ్యలో కాలు పెట్టినా కిర్రుమనదు. మంచి సరుకే. కానీ నాలుక గాడిలోకి పోయాక పలక నాలుగడుగులు కప్పదు, 47 అంగుళాల మీద అర కప్పుతుంది. రెండు వరసలకు 95. మిగిలింది 25 అంగుళాలు. చీల్చిన సగం 24 కూడా లేదు. రంపం కోసేశాక, ముక్కను పట్టుకెళ్లి పెట్టి చూశాక తెలిసింది. ఐదో పలక కోసం మళ్లీ దుకాణానికి పోయాను. మీరైతే చట్రాన్నే ఇంకో అంగుళమున్నర చిన్నగా కట్టుకోండి, నాలుగుతో అయిపోతుంది.

దంతెల మీద జిగురు గీత వేసి, పలక వాల్చి, అంచుల్లో ఆరంగుళాలకొకటి, నడుమ పన్నెండుకొకటి రెండున్నర అంగుళాల స్క్రూలు. పలకకూ పలకకూ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదలాలి. వానాకాలంలో చెక్క ఉబ్బడానికి చోటు లేకపోతే అతుకు దగ్గర పలక వీపు లేపుతుంది.

నేల పైభాగం ఇప్పుడు కంకర నుంచి పదంగుళాలకు పావు తక్కువ ఎత్తులో ఉంది. యంత్రం ఎక్కడానికి ఏటవాలు పలక కావాల్సి వచ్చింది, ఐదో పలకలో మిగిలింది దానికే పోయింది. చుట్టూ ఉన్న ఎత్తును అందం కోసం కర్రతో మూసేయాలని మా ఆవిడ అంది. ఒప్పుకోలేదు. కింద గాలి ఆడాలి. అయితే పూర్తిగా వదిలేస్తే పాసమ్, స్కంక్ లాంటివి కాపురం పెడతాయి, స్కంక్ వాసన ఒకసారి చూసినవాడు మళ్లీ చూడాలనుకోడు. అర అంగుళం కన్నాల గట్టి ఇనప జల్లెడ చుట్టూ బిగించాను. గాలి పోతుంది, జంతువు పోదు. చూరు నీళ్లు బయటికి వదిలిన అడుగు కంకర మీదే పడతాయి కాబట్టి బురద చిందదు.

మొన్న ఆగస్టులో, వాన లేక నేల నెర్రెలు విచ్చాక, రసమట్టం తీసుకెళ్లి పెట్టాను. బుడగ పడమటి మూలకు ఎదురుగా జరిగి ఉంది, పావు అంగుళం దిగింది ఆ మూల. కారు జాకీ కింద ఒక చెక్క ముక్క పెట్టి లేపి, దూలం కింద మందు కర్ర చీలిక ఒకటి దూర్చి దించాను. పావుగంట పట్టింది. జల్లెడ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టి చూశాను. దంతె అడుగు పొడిగా ఉంది, చేతికి దుమ్ము అంటింది. నాయనకు ఆ చెయ్యి చూపిద్దామని ఫోను చేశాను గానీ అక్కడ అర్ధరాత్రి, ఎత్తలేదు.